కలబంద: రాసే ముందు ఆగండి



కలబంద మనకు కొత్త కాదు. పెరట్లో పెంచుకుంటాం. దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టుకుంటాం.

కొందరి చర్మం సున్నితంగా ఉంటుంది. ఎండకు మండుతుంది. కొత్త సబ్బు వాడితే దురద పెడుతుంది. అలాంటి చర్మానికి కలబంద గుజ్జు చల్లగా ఉంటుంది. గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే.

"చెట్టు మందే కదా, ఏం చేస్తుంది?" అనుకుంటాం. కాని మట్ట తొక్క కింద పసుపు పచ్చని పసరు ఉంటుంది. అది తగిలితే కొందరికి దురద, మంట పుడతాయి. అందుకే ఇలా చేయండి.

1. మట్టను మొదలు దగ్గర కోయండి.
2. కోసిన వైపు కిందికి ఉంచి 15 నిమిషాలు నిలబెట్టండి. పసరు కారిపోతుంది.
3. మట్టను కడగండి. తొక్క తీయండి. గుజ్జును మళ్లీ కడగండి.
4. ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాయండి. ఒక రోజు ఆగండి.

చర్మం ఎర్రబడిందా? దురద పెట్టిందా? అయితే కలబంద మీకు పడదు. వాడకండి. ఏమీ కాకపోతే ముఖానికి రాసుకోవచ్చు.

గుజ్జులో నిమ్మరసం కలపకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. నల్లమచ్చలు పడతాయి.

లోతైన గాయానికి, చీము పట్టిన పుండుకు గుజ్జు రాయకండి. మంట తగ్గకపోయినా, పొక్కులు లేచినా ఆసుపత్రికి వెళ్లండి. మందుల షాపులో ఎవరో చెప్పిన క్రీము కొని రాయకండి. కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ మందు ఉంటుంది. డాక్టరు చెప్పకుండా చాలా రోజులు రాస్తే చర్మం పలచబడుతుంది.

ఆకు మందైనా, అంగడి మందైనా ముందు చేతి మీద చూడాలి. తర్వాతే ముఖానికి.

చెప్పండి:
మట్టను ఎందుకు నిలబెట్టాలి?
గుజ్జును ముందు ఎక్కడ రాసి చూడాలి?