నల్లపొగ కక్కే ఆయిలింజను: జబ్బు ఎక్కడుందో మీరే కనిపెట్టవచ్చు

కరెంటు లైను అందని పొలాలకు, కాలువ చివరి భూములకు, వాగు నీరు తోడుకునే చిన్న రైతులకు ఆయిలింజనే దిక్కు. పైరుకు తడి అందాల్సిన రోజున ఇంజను మొరాయిస్తే పంట దెబ్బతింటుంది. మొరాయించకుండా నడుస్తూనే అవసరానికి మించి డీజిలు తాగితే ఆ నష్టం కంటికి కనపడదు, పెట్టుబడిలో కలిసిపోతుంది. అయితే ఇలా తాగే ఇంజను సైలెన్సరు నుంచి ఒక గుర్తు చూపిస్తుంది. అదే నల్లపొగ. దానికి కారణం వెతికే పద్ధతి తెలిస్తే చాలా సందర్భాల్లో మేస్త్రీ దాకా పోనవసరం ఉండదు. పోవలసి వచ్చినా ఏ పని చేయించాలో మీకే తెలుస్తుంది.

నల్లపొగ ఎందుకు వస్తుంది?

పొయ్యి నిండా కట్టెలు కుక్కి గాలి ఆడనివ్వకపోతే మంట రాదు, పొగ వస్తుంది. ఇంజనులోనూ అంతే. లీటరు డీజిలు పూర్తిగా మండాలంటే లెక్క ప్రకారం సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. నిజానికి అంతకంటే ఎక్కువ గాలి ఉంటేనే డీజిలు ఇంజను శుభ్రంగా నడుస్తుంది. గాలి తగ్గినా, డీజిలు ఎక్కువ పడినా, సన్నని తుంపరగా పడాల్సిన డీజిలు చుక్కలుగా కారినా కొంత భాగం సరిగా మండక మసిగా మారి బయటికి పోతుంది.

ఇంజను స్టార్టు చేసినప్పుడు, ఒక్కసారిగా బరువు పడినప్పుడు కొద్దిసేపు నల్లపొగ రావడం సహజం. దానికి కంగారు పడక్కర్లేదు. వేడెక్కిన తర్వాత, ఒకే బరువు మీద నడుస్తున్నప్పుడు కూడా ఆగకుండా వస్తుంటేనే జబ్బు ఉన్నట్టు.

పొగ రంగు కూడా గమనించాలి. నీలి పొగ వస్తే ఇంజనాయిలు మండుతోందని అర్థం. రింగులు, లైనరు అరిగి ఉండవచ్చు. తెల్లపొగ వస్తే డీజిలు మండకుండానే ఆవిరిగా పోతోందని, లేదా హెడ్ గాస్కెట్ పోయి నీరు లోపలికి దిగుతోందని అనుమానించాలి. ఈ వ్యాసం నల్లపొగ గురించి మాత్రమే.

వదిలేస్తే ఏమవుతుంది?

డీజిలు ఖర్చు ఒక్కటే కాదు. మసి నాజిల్ మొనకు, వాల్వులకు, రింగుల గాడులకు పట్టేస్తుంది. మండని డీజిలు లైనరు గోడల మీద ఉండే ఆయిలు పొరను కడిగేసి కింద క్రాంక్ కేసులోకి దిగుతుంది. దాంతో ఇంజనాయిలు పలచబడి బేరింగులు, లైనరు త్వరగా అరుగుతాయి. ఆయిలు కొలిచే పుల్లను తీసి చూడండి. మీరు పోయకుండానే మట్టం పెరిగినా, వేళ్ళ మధ్య రుద్దితే నీళ్ళలా జారినా, డీజిలు వాసన కొట్టినా ఆ ఆయిలు ఇక పనికిరాదు. ముందు కారణం సరిచేసి, తర్వాత కొత్త ఆయిలు పోయాలి. కారణం అలాగే ఉంచి ఆయిలు మారిస్తే డబ్బు దండగ.

ముందుగా కొలత

ట్యాంకును ఒక గుర్తు దాకా నింపి, పంపు మీద సరిగ్గా గంట నడపండి. ఆపి, కొలత సీసాతో మళ్ళీ అదే గుర్తు దాకా పోయండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో నోటు పుస్తకంలో రాసుకోండి. బాగున్న 5 హార్స్‌పవర్ ఇంజను పూర్తి బరువు మీద గంటకు లీటరు నుంచి లీటరుంబావు దాకా తాగుతుంది. రిపేరు చేశాక మళ్ళీ కొలిస్తే పని కుదిరిందో లేదో తేలిపోతుంది.

కొలిచే ముందు పైపు జాయింట్ల దగ్గర కారుడు లేకుండా చూసుకోవాలి. సెకనుకు ఒక చుక్క కారితే గంటకు 3,600 చుక్కలు, అంటే సుమారు 180 మిల్లీలీటర్లు. 8 గంటలు నడిస్తే దాదాపు లీటరున్నర మట్టిపాలు.

ఇక కారణాన్ని ఖర్చు లేని పనితో మొదలుపెట్టి ఒక్కొక్కటే వెతకాలి. ఒకేసారి నాలుగూ మారిస్తే ఏది అసలు కారణమో ఎప్పటికీ తెలియదు.

1. గాలి అందుతోందా?

మొదట అనుమానించవలసింది ఎయిర్ క్లీనర్‌నే. నూర్పిళ్ళ దుమ్ము, వరి ఊక, రోడ్డు ధూళి అన్నీ అందులో చేరతాయి. ఇంజను ఆపి ఎయిర్ క్లీనర్ విప్పండి. దుమ్ము లేని చోట, క్లీనర్ లేకుండా స్టార్టు చేసి బరువు మీద ఒక్క నిమిషం చూడండి. పొగ తగ్గితే దోషం క్లీనర్‌దే. చూడటం అవగానే ఆపేయాలి. క్లీనర్ లేకుండా నడిపితే దుమ్ము లోపలికి పోయి లైనరును గీకేస్తుంది. గాలి పీల్చే రంధ్రం దగ్గరికి తుండుగుడ్డ, పంచె చెంగు రానివ్వకండి.

ఆయిలు గిన్నె ఉన్న క్లీనర్ అయితే పాత ఆయిలు పారబోసి, జాలీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గుర్తు దాకానే కొత్త ఆయిలు పోయాలి. గుర్తు మించి పోస్తే అదే గాలికి అడ్డం పడుతుంది. కాగితపు ఫిల్టరును మాత్రం డీజిల్‌తో గానీ, పెట్రోలుతో గానీ కడగకూడదు. మెల్లగా తట్టి దుమ్ము దులపాలి. నల్లబడి మూసుకుపోతే మార్చడమే.

2. పొగ బయటికి పోతోందా?

కాలిన వాయువు బయటికి పోతేనే కొత్త గాలికి చోటు దొరుకుతుంది. సైలెన్సరు విప్పి లోపల మసి గడ్డకట్టిందేమో చూసి గీకి శుభ్రం చేయాలి. గది బయటికి పెట్టిన పొగ గొట్టం సన్నగా, ఎక్కువ వంపులతో ఉన్నా ఇదే ఇబ్బంది. ఇంజను గదికి గాలి వచ్చే దారి లేకపోతే తాను వదిలిన వేడి పొగనే మళ్ళీ పీలుస్తుంది.

3. బరువు ఎక్కువైందా?

చాలామంది రైతులు మరచిపోయేది ఇదే. బరువు పెరిగినకొద్దీ వేగం పడిపోకుండా గవర్నరు ఎక్కువ డీజిలు వదులుతుంది. గాలి మాత్రం అంతే ఉంటుంది. ఫలితం నల్లపొగ. కనుక ఇంజను ఆపి బెల్టు తీసేసి, ఖాళీగా నడిపి చూడండి. ఖాళీగా నడిచినప్పుడు పొగ లేకుండా, బెల్టు వేశాకే వస్తుంటే బరువునూ, గాలినీ అనుమానించాలి. ఖాళీగా నడిచినా నల్లపొగే అయితే నాజిల్‌ను అనుమానించాలి. పంపు ఇంజనుకు నేరుగా బిగించి ఉంటే డెలివరీ వాల్వు మూసి ఒకటి రెండు నిమిషాలు చూడండి. సెంట్రిఫ్యూగల్ పంపుకు అప్పుడు బరువు తగ్గుతుంది. అంతకంటే ఎక్కువసేపు మూసి ఉంచితే పంపులో నీరు కాగిపోతుంది.

బరువు పెరగడానికి ముఖ్య కారణం పుల్లీ. నీళ్ళు ఎక్కువ రావాలని ఇంజనుకు పెద్ద పుల్లీ వేస్తుంటారు. 1,500 చుట్లు తిరిగే ఇంజనుకు, పంపుకు రెండింటికీ 6 అంగుళాల పుల్లీలు ఉంటే పంపు కూడా 1,500 చుట్లే తిరుగుతుంది. ఇంజనుకు 7 అంగుళాల పుల్లీ వేస్తే పంపు 1,750 చుట్లు తిరగాలి. వేగం ఆరో వంతు పెరిగినట్టు కనిపించినా పంపు లాగే శక్తి సుమారు 60 శాతం పెరుగుతుంది. 5 హార్స్‌పవర్ ఇంజను ఆ బరువు మోయలేక నల్లపొగ కక్కుతుంది. పంపు రేకు మీద రాసిన వేగానికి తగ్గ పుల్లీయే వేయాలి.

రెండో కారణం నీటి మట్టం. ఎక్కువ ఎత్తుకు తోడటానికి చేసిన పంపును వానలు పడి వాగు నిండినప్పుడు తక్కువ ఎత్తులో వాడితే నీరు ఎక్కువ వస్తుంది, ఇంజను మీద బరువూ పెరుగుతుంది. వేసవిలో బాగా నడిచిన ఇంజను వానాకాలంలో పొగ వదిలితే డెలివరీ వాల్వును కొద్దిగా మూసి చూడండి. పొగ తగ్గితే ఇంజనులో దోషం లేదన్నమాట.

పంపు గ్లాండు మరీ బిగించినా, ఇంజను పుల్లీ, పంపు పుల్లీ ఒకే వరుసలో లేకపోయినా బరువు పెరుగుతుంది. గ్లాండు నుంచి నీరు చుక్క చుక్కగా కారుతుండాలి. బొత్తిగా ఆపేస్తే షాఫ్టు అరిగిపోతుంది.

4. డీజిలు సరిగా చిమ్ముతోందా?

పై మూడూ సరిగా ఉండి ఇంకా నల్లపొగ వస్తుంటే నాజిల్ చూడాలి. మంచి నాజిల్ డీజిల్‌ను మంచులాంటి తుంపరగా చిమ్మి ఠక్కున ఆపుతుంది. పాడైనది ధారగా పోస్తుంది లేదా చిమ్మాక మొన నుంచి చుక్క కారుతుంది. నాజిల్‌ను బయటికి తీసి ఇంజను తిప్పి చూడటం కొందరికి అలవాటు. ఆ తుంపరకు చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూది పోటంత కనపడినా వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నాజిల్‌ను పరీక్షించే పరికరం ఉన్న దుకాణానికి తీసుకెళ్ళి, మీ ఎదురుగానే చూపించమనడం మంచిది.

ఎక్కువ లాగడానికని ఫ్యూయల్ పంపు సీలు విప్పి డీజిలు పెంచే మేస్త్రీలున్నారు. నాలుగు రోజులు బలంగా లాగినట్టు అనిపిస్తుంది. తర్వాత పొగ, మసి, రింగుల ఖర్చు మీదే. ఆ పని చేయనివ్వకండి.

5. చివరగా మేస్త్రీ పని

ఇన్ని చూసినా తగ్గకపోతే డీజిలు పడే సమయం, వాల్వుల సందు, కంప్రెషన్ పరీక్షించాలి. హ్యాండిల్‌తో మెల్లగా తిప్పితే కంప్రెషన్ దగ్గర గట్టిగా ఎదురుతన్నాలి. సులువుగా తిరిగిపోతుంటే వాల్వులో, రింగులో గాలి ఆపడం లేదు.

బావిలో ఇంజను: ప్రాణాలతో చెలగాటం

నీటి మట్టం పడిపోయినప్పుడు ఇంజనును బావిలోకి దించి నడపడం కొన్నిచోట్ల ఉంది. అక్కడ ఇంజనుకు గాలి చాలదు, నల్లపొగ ఎక్కువవుతుంది. సరిగా మండని ఇంధనం నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దిగినవాడు కేక వేసే లోపే స్పృహ తప్పవచ్చు. కాపాడబోయి దిగిన రెండోవాడికీ అదే గతి. ఇంజను నడుస్తుండగా గానీ, ఆపిన వెంటనే గానీ బావిలోకి దిగవద్దు. మూసి ఉన్న గదిలో నడపడమూ ఇంతే ప్రమాదం.

పెట్రోలు స్ప్రేయర్లు, కలుపు యంత్రాలు

వీటిలో కార్బురేటరు ఉంటుంది. పెట్రోలు ఎక్కువై గాలి తగ్గితే నల్లపొగ, పెట్రోలు వాసన వస్తాయి, వేడి మీద స్టార్టు కావడం కష్టమవుతుంది. ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు కాలుతోంది. టూ స్ట్రోక్ యంత్రమైతే కలిపిన ఆయిలు ఎక్కువై ఉండవచ్చు.

ఫ్లోటు గిన్నె ఉన్న కలుపు యంత్రానికి తేలిక పరీక్ష ఒకటుంది. నడుస్తుండగా పెట్రోలు కాక్ మూసేయండి. గిన్నెలో పెట్రోలు తగ్గుతున్నప్పుడు ఇంజను శబ్దం తేటపడి, జోరందుకుని, ఆ తర్వాత ఆగిపోతే అంతవరకూ పెట్రోలు ఎక్కువ వస్తున్నట్టే. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, గాలి స్పాంజి శుభ్రంగా ఉందా, ఫ్లోటు సూది పెట్రోలును ఆపుతోందా అన్నవి ఈ వరుసలోనే చూసుకోవాలి.

గుర్తుంచుకోండి

• ముందు గాలి, తర్వాత సైలెన్సరు, తర్వాత బరువు, ఆ తర్వాతే నాజిల్.
• ఒకసారి ఒక్కటే మార్చి, పొగ చూసి, డీజిలు కొలవాలి.
• దుమ్ము ఎక్కువగా ఉండే రోజుల్లో ఎయిర్ క్లీనర్‌ను రోజూ చూడాలి.
• డీజిల్‌ను సన్నని జాలీలో వడగట్టి పోయాలి. డబ్బా అడుగున చేరిన నీరు, మడ్డి ట్యాంకులో పోయకూడదు.
• సీజను మొదలయ్యే ముందే ఇంజనును గంట నడిపి చూసుకోవాలి. పైరు ఎండుతున్నప్పుడు మేస్త్రీ కోసం తిరగడం కంటే అది ఎంతో మేలు.