గోండుల తత్త్వము - గోండు పరిశోధకుఁడు

మన నిజామాబాదునుండి ఉత్తరముగాఁ బోయి గోదావరిని దాటినచో పూర్వపు ఆదిలాబాదు సీమ. అచ్చటి గోండుల గుస్సాడి నృత్యము మన మెఱుఁగుదుము. వారి తలఁపుల నెఱుఁగము.

మనుష్యుఁడు మరణించిన పిమ్మట నేది మిగులును? ఈ ప్రశ్నకు వారియొద్ద రెండు మాటలు గలవు. దేహమును బ్రదికించునది జీవ్. చనిపోయినవాఁడు వాఁడుగానే నిలుచుట సనల్. అంత్యకర్మలు ముగిసిన మీఁదట సనల్ వంశదైవమగు పేర్సాపేన్‌ను జేరును. ప్రాణము వేఱు, వ్యక్తి వేఱు! ఇంతటి సూక్ష్మవివేచనము మనకుఁ బొరుగుననే యున్నదని మేము చాలకాల మెఱుఁగమైతిమి.

1940 తరువాత దీనిని గ్రంథస్థము చేసినవారు ఆస్ట్రియా దేశీయులగు హైమెండార్ఫు గారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినదియు వారి పూనికవలననే. ఐనను వారు పరదేశీయులు.

ఇఁక గోండు తానే తన జాతి తలఁపును శోధించిన నెట్లుండును? 1949లో నాగపూరు జిల్లాలో జన్మించిన మోతీరావణ్ కంగాలీ గారు ఆ పని చేసిరి. రిజర్వు బ్యాంకి యుద్యోగము చేయుచునే, గోండుల సంస్కృతీవిలువలకుఁ దాత్త్వికమూలము లేవియని పరిశోధించి అలీగఢ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. గోండీభాషయే వీరికిఁ బరిశోధన సాధనము. బయటివాఁడు దుబాసి నడిగి తెలిసికొను మాట వీరికి స్వయముగనే తెలియును. సింధులిపిని గోండీలోఁ జదువఁ బూనిరి గాని దానిని పండితులు పెక్కండ్రు అంగీకరింపలేదు, మాకును సంశయమే. వీరు 2015లో గతించిరి.

అంతకు మున్ను 2006లో, ఆదిలాబాదు సీమలోని గుంజాలలో గోండీలిపి వ్రాతప్రతులు వెలువడెను. అప్పుడు వానిని జదువఁగలవారు ఆ యూరి వృద్ధులు కొందఱే.