లక్క మీద నిలిచిన గొంతులు
పాత గ్రామఫోను ప్లేట్లకు జాబితా, గ్రేడు

శబ్దానికి ఆయుష్షు తక్కువ. నోటినుంచి వెలువడిన మాట ఆ క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది. దాన్ని పట్టి నిలిపి, మళ్ళీ వినిపించడం 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫుతో మొదటిసారి సాధ్యమైంది. ఆ తరువాత ఎన్నో దశాబ్దాల పాటు పాటలూ, పద్యాలూ, నాటకాలూ మైనం మీద, లక్క మీద సన్నని గాళ్ళుగా నిలిచాయి. ఆ గాళ్ళు ఈనాటికీ మన పల్లెల్లో అటకల మీద, కాయల మూటల వెనక దుమ్ము కొట్టుకొని ఉన్నాయి. వాటిని ఎట్లా లెక్క రాసుకోవాలి, ఏది ఏ స్థితిలో ఉందో ఎట్లా తేల్చాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఇది పట్నంలో తీరిక ఉన్నవాళ్ళ సరదా అని కొందరు అనుకోవచ్చు. కాని శెనక్కాయలు పండించే ఇంట్లో పుట్టినవానికి గ్రేడు అంటే ఏమిటో, తప్పు గ్రేడు పడితే ఎవరు నష్టపోతారో వేరే చెప్పనక్కర లేదు.

గొట్టం నుంచి పళ్ళానికి

ఎడిసన్ మొదట తగరపు రేకు చుట్టిన గొట్టం మీద ధ్వనిని ముద్రించాడు. తరువాత మైనపు గొట్టాలు వచ్చాయి. సాధారణమైన గొట్టం పొడవు సుమారు నాలుగుంబావు అంగుళాలు, వ్యాసం సుమారు రెండుంబావు అంగుళాలు. నిమిషానికి 160 చుట్లు తిరుగుతూ రెండు నిమిషాలు మోగేది. 1908లో గాళ్ళను అంగుళానికి 100 నుంచి 200కు పెంచి, నాలుగు నిమిషాల గొట్టం తెచ్చారు. 1912లో సెల్యులాయిడుతో చేసిన నీలిరంగు గొట్టాలు వచ్చాయి. 1929లో ఎడిసన్ సంస్థ ఈ వ్యాపారాన్నే మానుకుంది.

గొట్టాన్ని ఓడించింది ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు పొందిన గ్రామఫోను. ఇందులో ధ్వని చదునైన పళ్ళెం మీద ఉంటుంది. ఒక అచ్చు తయారైతే దానితో వేల ప్రతులు ఒత్తవచ్చు, ఒకదానిమీద ఒకటి పేర్చి పంపవచ్చు. ధ్వని గుణంలో మాత్రం గొట్టానికి ఒక మేలు ఉంది. దాని మీద సూది మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో నడుస్తుంది. పళ్ళెం మీద అట్లా కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటులో, కేంద్రానికి 12 సెంటీమీటర్ల దూరాన ఉన్న బయటి గాడిలో సూది సెకనుకు సుమారు 98 సెంటీమీటర్లు నడుస్తుంది. 5 సెంటీమీటర్ల దూరాన ఉన్న లోపలి గాడిలో అది సుమారు 41 సెంటీమీటర్లే. లోపల అదే ధ్వని ఇరుకుగా మడతపడి ఉంటుంది కాబట్టి అరుగుదల అక్కడే ముందుగా వినిపిస్తుంది. గ్రేడు వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన దేశంలో 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు రికార్డు చేశాడు. అదే కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ మైనపు గొట్టాలు తయారుచేసి, రవీంద్రనాథ ఠాగూరు గొంతును కూడా వాటిమీద పట్టాడు. ఆ గొట్టాలలో ఎక్కువ భాగం నశించిపోయాయి. మన తెలుగు పల్లెల్లో దొరికేవి దాదాపు అన్నీ పళ్ళాలే. వాటిని మనవాళ్ళు ‘ప్లేట్లు’ అన్నారు. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి ప్లేటు ‘కుక్క బొమ్మ ప్లేటు’ అయింది.

ఈ ప్లేట్లకూ మన సీమకూ బంధం నాటకం ద్వారా వచ్చింది. 1882 వరకు అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తెలుగు నాటకంలో పాటకూ పద్యానికీ పెద్దపీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో నాటకాలాడించారు. బళ్ళారి రాఘవ 1880లో మన తాడిపత్రిలో పుట్టారు. డి.వి. సుబ్బారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పద్యాలు ప్లేట్లకెక్కాక, నాటకం చూడలేని ఊరికి కూడా పద్యం చేరింది. మా శింగనమలలో చెరువు నిండిన ఏడు నాటకం ఆడేవారనీ, ప్లేటు విని పద్యం నేర్చి వేషం కట్టినవాళ్ళు ఉండేవారనీ పెద్దలు చెబుతారు.

ప్లేటులో ఉన్నది ఏమిటి?

ఈ ప్లేట్లకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల మీద బ్రతికే లక్కపురుగు స్రవించే జిగురు ఇది. దీనికి మెత్తగా నూరిన రాతిపొడి, నల్లరంగుకు మసి కలిపి, వేడిచేసి అచ్చు ఒత్తేవారు. ఇందులో మూడు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, లక్క పెళుసు. జారి పడితే పగులుతుంది. రెండు, వేడికి మెత్తబడుతుంది. భారతంలో లక్క ఇల్లు ఎందుకు కట్టారో మనకు తెలుసు. మన జిల్లా ఎండలో రేకుల కప్పు కింద పెట్టిన ప్లేటు నిప్పు లేకనే వంగిపోతుంది. మూడు, లక్క స్పిరిటులో కరుగుతుంది. కాబట్టి ప్లేటును స్పిరిటుతో తుడవడం అంటే దాని మీది పాటను తుడిచివేయడమే.

ఉక్కు సూదిని ప్రతి వైపుకూ ఒకటి చొప్పున మార్చమని కంపెనీలు చెప్పేవి. రాతిపొడి సూదిని అరగదీస్తుంది. అరిగిన సూది మొన ఉలిలాగా మారి గాడిని చెక్కుతుంది. పల్లెల్లో సూదులు సులభంగా దొరికేవి కావు గనుక ఒకే సూదితో పది ప్లేట్లు వేసేవారు. మన ప్లేట్లు బూడిదరంగుకు తిరగడానికి కారణం ఇదే.

ముందు జాబితా, తరువాతే గ్రేడు

మొదటి నియమం: కడగక ముందే రాసుకోవాలి. పాత లేబులు తడి తగిలితే ఊడిపోవచ్చు. దానితో పేరూ, నంబరూ పోతాయి. ప్లేటు మీద ఏమీ రాయకూడదు. కాగితపు సంచికి వరుస నంబరు వేసి, నోటుపుస్తకంలో ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క పంక్తి ఇవ్వాలి. ఆ పంక్తిలో ఉండవలసినవి ఇవి:

1. కంపెనీ పేరు, లేబులు రంగు, ప్లేటు సైజు.
2. లేబులు మీది కేటలాగు నంబరు. కుక్క బొమ్మ ప్లేట్లలో తరచు ‘ఎన్’, కొలంబియాలో ‘జి.ఇ.’, ట్విన్‌లో ‘ఎఫ్.టి.’ అనే అక్షరాలు ముందు కనిపిస్తాయి.
3. మేట్రిక్సు నంబరు. ఇది లేబులు చుట్టూ ఉన్న నున్నని భాగంలో చెక్కి ఉంటుంది. కేటలాగు నంబరు అమ్మే సరుకుది. మేట్రిక్సు నంబరు ఆ ఒక్క రికార్డింగుది. లేబులు పూర్తిగా చినిగినా ఈ నంబరుతో ప్లేటును గుర్తుపట్టవచ్చు.
4. పాడినవారి పేరు, పాట లేక పద్యం మొదటి మాటలు, నాటకం లేక సినిమా పేరు, రాగం ఇచ్చి ఉంటే రాగం.
5. నాటకపు సెట్టు అయితే ఎన్నో భాగం. ఒక వైపు మోగేది మూడు నిమిషాలే గనుక నాటకాన్ని అనేక ప్లేట్లుగా అమ్మేవారు. నడుమ ఒక ప్లేటు పోతే కథ తెగిపోతుంది.
6. ప్లేటు చివర గాయకులు తమ పేరు చెప్పారా? తొలినాటి ప్లేట్లు దూరదేశంలో అచ్చయ్యేవి. ఏ ప్లేటు ఎవరిదో అక్కడివారికి తెలియడానికి పేరు పలికించేవారు. గౌహర్ జాన్ తన పేరు ఇంగ్లీషులో చెప్పడం ఇందుకే.

లేబులు మీద పేరు తప్పుగా ఉంటే ఉన్నది ఉన్నట్టే రాసి, సరియైన రూపం పక్క గడిలో వేరుగా రాయాలి. దిద్దిన రూపం ఒక్కటే రాస్తే, రేపు ఇంకొకరు తమ ప్లేటుతో పోల్చి చూసుకోలేరు.

ఆరు మెట్ల గ్రేడు

ఇంగ్లండు, అమెరికా సేకర్తలు వాడే కొలతలో ఆరు మెట్లున్నాయి. వాటిని మన మాటల్లో ఇట్లా చెప్పుకోవచ్చు.

ఎన్: కొత్తది. వేసిన గుర్తులే లేవు.
ఇ: మెరుపు పోలేదు. పైపైన రాపిడి కనిపించినా చెవికి వినిపించదు.
వి: సమంగా కొంత అరిగింది. గీతల చప్పుడు ఉన్నా పాటకు అడ్డం రాదు.
జి: బూడిదరంగు మొదలైంది. గొంతు పెంచిన చోట గరగర వినిపిస్తుంది.
ఎఫ్: పాట గరగరలో మునుగుతూ ఉంది.
పి: పాటను వెతుక్కోవాలి.

రెండు మెట్లకు నడుమ ఉంటే పక్కన కూడిక గుర్తు గాని తీసివేత గుర్తు గాని పెడతారు. పగులు, అంచు చెక్క లేవడం, వంకర, లేబులు చినగడం – ఇవి గ్రేడులో కలపకుండా విడిగా రాయాలి.

శెనక్కాయల వ్యాపారి మూటను పైన చూసి ధర చెప్పడు. పిడికెడు తీసి, వలిచి, గట్టి గింజలెన్ని, నొక్కులెన్ని, మట్టి ఎంత అని చూస్తాడు. ప్లేటు కూడా అంతే. ముందు ఏటవాలు వెలుతురులో కంటితో చూడాలి. నిలువు వెలుతురులో మెరిసే ప్లేటు ఏటవాలు వెలుతురులో తన అరుగుదల బయటపెడుతుంది. తరువాత చెవితో వినాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. 78 ప్లేటు గాడికి సుమారు 75 మైక్రాన్ల సూదిమొన కావాలి. లాంగ్‌ప్లే రికార్డుల సూదిమొన 25 మైక్రాన్లు లేక అంతకన్నా సన్నం. అది వెడల్పు గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. సరియైన సూది లేకపోతే వేయకుండా ఉండడమే మేలు. అప్పుడు ‘చూపు గ్రేడు మాత్రమే’ అని నిజాయితీగా రాయాలి.

ఒక చిన్న లెక్క. మూడు నిమిషాలకు 78 చొప్పున 234 చుట్లు. సగటు వ్యాసార్ధం 8.5 సెంటీమీటర్లు అనుకుంటే ఒక చుట్టు సుమారు 53 సెంటీమీటర్లు. మొత్తం గాడి పొడవు సుమారు 125 మీటర్లు! ఆ 234 చుట్లూ 7 సెంటీమీటర్ల వెడల్పులో ఇమిడి ఉన్నాయి. అంటే సెంటీమీటరుకు 33. అంచునుంచి లోపలికి మూడు సెంటీమీటర్లు పాకిన పగులు దాదాపు 100 చుట్లను కోస్తుంది. అంటే ఒక నిమిషం పదిహేడు సెకన్ల పాటు, నాడి కొట్టుకున్నట్టు ‘టక్ టక్’ మంటుంది. పగులు పొడవు కొలిచి రాస్తే, వినేవారికి ఎంత ఇబ్బందో ముందే తెలుస్తుంది.

గొట్టాలు దొరికితే పద్ధతి కొంచెం వేరు. పై భాగం ముట్టకుండా, లోపలినుంచి రెండు వేళ్ళతో పట్టుకోవాలి. చల్లని మైనానికి వేలి వేడి తగిలినా పగలవచ్చు. బూజు పట్టిందా అన్నది అక్కడ మొదటి ప్రశ్న. బూజు మైనాన్నే తినేస్తుంది.

గ్రేడు వేరు, విలువ వేరు

మా ఇంట్లో ముత్తాత కొని, జేజినాయన దాచిన నలభైమూడు ప్లేట్లున్నాయి. వాన తప్పిన ఒక ఏడు పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి, చూడకుండానే ప్లేటుకింత అని గుత్తగా అడిగినాడు. విత్తనపు కాయలకు దుడ్లు కావాల్సిన కాలం. “ఏమప్పా, ఈ పలకలు చేను దున్నుతాయా?” అన్నాడు మా నాయన. “పది దినాలు ఆగు నాయనా, ఏముందో రాసి చూస్తాం” అన్నాను. ఆయన ఆగినాడు.

జాబితా తేల్చింది ఇది. సినిమా పాటలు 19, నాటక పద్యాలు 14, కీర్తనలు 6, లేబులు ఊడినవి 4. సినిమా పాటలు ఎక్కువ భాగం ‘వి’, ఒకటి రెండు ‘ఇ’. పద్యాలు ఒకటి తప్ప అన్నీ ‘ఎఫ్’, ‘పి’. గ్రేడు ఒక్కటే చూస్తే పద్యాలు పారేయాల. కాని అవి ఎందుకు అరిగినాయి? ఊరంతా కూర్చొని మళ్ళీ మళ్ళీ వేయించుకొని విన్నందుకు. మంచి గ్రేడున్నది ఎవరూ అంతగా వినని ప్లేటు కావచ్చు. గ్రేడు వస్తువు స్థితిని చెబుతుంది. దాని విలువ, ఇంకొక చోట దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సినిమా పాట అన్నిచోట్లా దొరుకుతుంది. నాటకపు సెట్టులో మూడవ ప్లేటు దొరకదు.

మంచి స్థితిలో ఉన్న సినిమా ప్లేట్లు పదకొండు, గ్రేడు రాసిన కాగితంతో సహా, వేరే సేకర్తకు అమ్మినాము. ఒక్కొక్కదానికి వేరువేరు ధర పలికింది. విత్తనాలకు అది కొంత ఆసరా అయింది. పద్యాలు ఇంట్లోనే ఉన్నాయి.

‘పి’ గ్రేడు ప్లేటు ఎందుకు దాచాలి అని అడగవచ్చు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్ హేబర్, సహచరులు సూది తగలకుండా గాడిని ఫోటోలు తీసి, కంప్యూటరుతో ధ్వనిగా మార్చే పద్ధతి రూపొందించారు. విరిగిన వాటినుంచి కూడా ధ్వనిని రాబట్టవచ్చని వారు నిరూపించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా గ్రంథాలయం వేలాది గొట్టాలను జాబితా చేసి, ధ్వనిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మన చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు ఒక్కరే నలభై వేలకు పైగా 78 ప్లేట్లు సేకరించారు. 1990లో ముంబైలో భారత రికార్డు సేకర్తల సంఘం ఏర్పడింది. ఈ పనులన్నిటికీ పునాది నంబరు వేసిన నోటుపుస్తకమే.

మనం చేయదగినది

ప్లేట్లను పడుకోబెట్టి దొంతర వేయక, నిలువుగా నిలబెట్టండి. ఎండ, పొయ్యి, చెద దగ్గరికి రానీకండి. దుమ్మును మెత్తని కుంచెతో తీయండి. తప్పనిసరైతే శుద్ధజలంలో ఒక చుక్క సబ్బుద్రవం వేసి, లేబులు తడవకుండా తుడిచి ఆరబెట్టండి. ఒక్కసారి సరియైన సూదితో వేసి రికార్డు చేసుకున్నాక మళ్ళీ మళ్ళీ వేయకండి.

మన కాలేజికి శింగనమల, తాడిపత్రి, ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు పల్లెలనుంచి విద్యార్థులు వస్తున్నారు. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు తమ ఊళ్ళో ఒక్క పెట్టె తెరిచి, పైన చెప్పిన ఆరు అంశాలు రాసుకొని వస్తే చాలు. అన్నీ కలిపితే మన సీమ విన్న పద్యాలకు ఒక జాబితా అవుతుంది. ప్లేట్లు ఎవరివి వారి ఇంట్లోనే ఉండనీ. ఏ ఊళ్ళో ఏ గొంతు ఉందో మనకు తెలిస్తే, తెగిన నాటకానికి మూడవ ప్లేటు పక్క ఊళ్ళోనే దొరకవచ్చు.