పాట తగ్గాలి, మాట వినపడాలి

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లలో చాలామంది ముందు పాట వేసుకుని, దాని తాళానికి క్లిప్పులు కోసుకుంటూ పోతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అప్పగింతలప్పుడు పెళ్లికూతురి తండ్రి వియ్యంకుడితో గొంతు పూడుకుపోతూ అన్న రెండు మాటలు ఆ పాట కింద పడి వినపడవు. సినిమా పాట ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ మాటలు మాత్రం ఈ ఒక్క వీడియోలోనే ఉన్నాయి.

అందుకే పాట ట్రాక్‌ని మ్యూట్‌లో పెట్టి పని మొదలుపెట్టండి. ముందు క్లిప్పుల శబ్దం ఒక దారికి రావాలి. మాటల్లో గట్టిగా పలికినవి మీటరు మీద మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య తగిలితే చాలు. సున్నాని తాకి దాటబోయిన శబ్దం అక్కడే తెగి, పగిలినట్టు వినిపిస్తుంది. జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం చాలాసార్లు కెమెరాలోనే పగిలిపోతుంది. దాన్ని ఎంత తగ్గించినా పగులు పోదు. అక్కడ వేరే కెమెరాలోని శబ్దం వాడుకోవడమే మార్గం. మేళానికని మొత్తం ట్రాక్ తగ్గిస్తే పురోహితుడి మంత్రం కూడా మునిగిపోతుంది. ఏ క్లిప్పుకా క్లిప్పు విడిగా సరిచేయాలి. ఫ్యాన్ల, ఏసీల గుర్రుమనే శబ్దం ఉంటే, మాటల క్లిప్పుల్లో 80 హెర్ట్జ్ కింద కోసేయండి.

ఇప్పుడు పాట. మాటల కింద నడిచేటప్పుడు అది మాట కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ తక్కువలో ఉండాలి. ‘‘కొంచెం తగ్గించాను కదా’’ అంటే కుదరదు. 6 డెసిబెల్స్ తగ్గిస్తే సిగ్నల్ సగమవుతుంది గానీ, చెవికి సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి. మనిషి మాట్లాడుతుంటే కింద సాహిత్యం ఉన్న పాట వద్దు, రెండు మాటలూ ఒకదాన్నొకటి తినేస్తాయి. వీణో వేణువో వేయండి. అప్పటికీ మాట స్పష్టంగా లేకపోతే సంగీతంలో 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి. మాట అర్థమయ్యేది ఎక్కువగా ఆ పరిధిలోనే.

మాట వచ్చినప్పుడు పాటను దానంతటదే తగ్గించే ఆటో డకింగ్ పని సులువు చేస్తుంది. కానీ రిలీజ్ (పాట తిరిగి లేవడానికి పట్టే సమయం) మరీ తక్కువ పెడితే మాటకీ మాటకీ మధ్య పాట లేచి పడుతూ విసుగు పుట్టిస్తుంది. ముఖ్యమైన చోట్ల కీఫ్రేములు చేత్తో పెట్టుకోవడమే నయం. మాటకు అర సెకను ముందు పాట దిగాలి, మాట అయ్యాక నింపాదిగా లేవాలి.

తలంబ్రాల దగ్గర పాటను ధైర్యంగా పెంచండి. అక్కడ కూడా అసలు శబ్దాన్ని పూర్తిగా కట్టేయకండి. నవ్వులు, ఈలలు సన్నగా వినపడకపోతే బొమ్మలో ప్రాణం ఉండదు.

చివర్లో హెడ్‌ఫోన్స్ తీసేసి, ఒకసారి మామూలు ఫోన్ స్పీకర్‌లో వినండి. బంధువులు చూసేది అందులోనే. యూట్యూబ్‌లో పెట్టేదైతే శబ్దాన్ని విపరీతంగా పెంచి లాభం లేదు, సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాటినదాన్ని యూట్యూబే తగ్గించేస్తుంది. సినిమా పాటకి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చని పార్టీకి ముందే చెప్పండి.

మాట, మేళం, పాట ఈ మూడింటినీ వేర్వేరు ట్రాకుల్లో ఉంచి, బాకీ వసూలయ్యేదాకా ప్రాజెక్టు డిలీట్ చేయకండి. ‘‘పాట ఇంకాస్త పెంచు బాబూ’’ అని ఫోను రాక మానదు.