కడలి లేని నగరమున కడలి విద్య

హైదరాబాదు నగర మధ్యమున, అమీరుపేటకు ఆనుకొని, బల్కంపేట యను ప్రాంతము కలదు. అచటి ఎల్లమ్మ గుడి మిక్కిలి ప్రసిద్ధమైనది. అమ్మవారి విగ్రహము నేలమట్టమునకు సుమారు పది అడుగుల దిగువన, బావిలో నెలకొని యున్నది. అందలి ఊటనీటిని భక్తులు తీర్థముగా గ్రహింతురు. ఆషాఢ మాసమున కల్యాణోత్సవము జరుగునపుడు అచటి వీథులన్నియు జనముతో క్రిక్కిరిసిపోవును. ఆ నీరు నేలలోను, రాతి పగుళ్లలోను దాగియున్న మంచినీరు. ఉప్పునీటిని చూడగోరినవారు అచటినుండి రెండువందల యేబది కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయవలెను. నగరము సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున నున్నది.

ఇట్టి చోట సముద్ర జీవశాస్త్రజ్ఞునికి పని యేమున్నదని ఎవరైనను అడుగవచ్చును. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఈ నగరపు వాయవ్య దిశన, ప్రగతినగరమున నున్నది. దానిని పొడిమాటలో ఇన్‌కాయిస్ అందురు. అలల చప్పుడు వినరాని ఆ భవనములలో కూర్చుండియే అచటి శాస్త్రజ్ఞులు బంగాళాఖాతమును, అరేబియా సముద్రమును, హిందూ మహాసముద్రమును దినదినము పరిశీలించుచుందురు. అయితే సముద్రమును చదివినవానికి ప్రయోగశాలయే అక్కరలేదు. బజారున చేపల గంప చాలును.

మృగశిర కార్తె ప్రవేశించు దినమున, అనగా జూన్ నెల 7, 8 తేదీలయందు, చేపలు తినుట హైదరాబాదువారి ఆచారము. ఆనాడు చేపల బజారులలో అడుగిడుటకు చోటుండదు. సామాన్యుడు చేప తాజాదనమును, ధరను విచారించును. సముద్ర జీవశాస్త్రము నేర్చినవాడు మరియొకటి గమనించును. ఆ గంపలలో కొర్రమీను, రోహు, బొచ్చె మొదలగు చెరువుచేపలే మెండుగా కనబడును. వంజరము, చందువ వంటి కడలిచేపలు అరుదు. ఏలయనగా తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అరువదియొక్క దినములు మరపడవలు వేటకు పోరాదు. పశ్చిమతీరమున ఆ నిషేధము జూన్ 1న మొదలై జూలై 31 వరకు సాగును. కావున మృగశిర నాటికి రెండు తీరములయందును మరపడవల వేట నిలిచియే యుండును. పెక్కు జాతుల చేపలు గ్రుడ్లు పెట్టుకాలమున వాటిని పట్టినచో, మరుసటి యేడు వల వేసినను దొరకునది స్వల్పమే యగును. నగరవాసి పళ్లెములో నేమి యున్నది, ఏమి లేదు అను విషయమును వందలకొలది కిలోమీటర్ల యవతల నున్న చేప సంతానకాలము నిర్ణయించుచున్నది.

చేప దేనిని తిని బ్రతుకును? ఈ ప్రశ్న వెంట పోయినచో చివరకు కంటికి కానరాని జీవులయొద్దకు చేరుదుము. కడలిపై పొరలలో వెలుతురు చొచ్చు మేర వృక్ష ప్లవకములు అను సూక్ష్మజీవులు తేలియాడుచుండును. అందు డయాటములు అనునవి గాజు వంటి సిలికా పెంకులు కలవి. ఇవి చెట్ల ఆకులవలెనే సూర్యకాంతితో ఆహారమును తయారుచేసికొనును. వాటిని జంతు ప్లవకములు తినును. ఈ రెంటిని కవళ్లు వంటి చిన్నచేపలు తినును. ఆ చిన్నచేపలను వంజరము, సూర మున్నగు పెద్దచేపలు తినును. భూమిపై కిరణజన్య సంయోగక్రియచే ఏటా పుట్టు ప్రాణవాయువులో ఇంచుమించు సగము సముద్రమున పుట్టినదే. అయితే అందలి అధికభాగమును సముద్రజీవులే మరల వాడుకొనును. కావున మనము పీల్చు రెండు ఊపిరులలో నొకటి కడలి యిచ్చినదే యను మాట వినుటకు ఇంపుగా నున్నను, లెక్కకు నిలువదు.

ఈ విద్యకు తెలుగునాట పునాదులు వేసిన చోటు వాల్తేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర శాఖకు చెందిన ఆచార్య పి. ఎన్. గణపతి, ఆయన శిష్యులు సముద్రతీరమునే తమ పాఠశాలగా చేసికొనిరి. అలలచే నిత్యము కడుగబడు ఇసుకతీరము చూపునకు నిర్జీవముగా తోచును. కాని ఇసుకరేణువుల నడుమ నున్న సందులలో నీటిపొరను ఆశ్రయించి, మిల్లీమీటరు కంటె చిన్నవైన జంతువులు ఎన్నియో నివసించును. అల వచ్చి ఇసుక కదలినపుడు కొట్టుకొనిపోకుండ కొన్ని రేణువులకు అంటుకొని యుండును. వాల్తేరు ఇసుకలోని ఈ జీవకోటిని గూర్చి గణపతియు, జి. చంద్రశేఖరరావును 1962లో పరిశోధన ప్రకటించిరి. ఇందులకు వారికి విదేశపు ఓడ యక్కరలేకపోయినది. ఊరివారు దినమును త్రొక్కి నడచు ఇసుకయే సరిపోయినది.

ఆ విశ్వవిద్యాలయముననే 1950ల తొలి సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇ. సి. లాఫాండ్ పనిచేసి, తూర్పుతీరపు నీరు అడుగునుండి పైకి ఎగదన్నుటను గూర్చి 1954లో వ్రాసెను. నైరుతి దిక్కునుండి గాలి తీరము వెంబడి వీచునపుడు, భూభ్రమణము వలన పైనీరు గాలికి కుడివైపునకు, అనగా ఒడ్డునుండి దూరముగా, జరుగును. ఆ ఖాళీని పూరించుటకు లోతునుండి చల్లనినీరు పైకి వచ్చును. దానితో పాటు అడుగున పేరుకొనిన ఎరువులవంటి లవణములును పైకి చేరును. వెలుతురు, లవణములు ఒకచోట కలియుటచే వృక్ష ప్లవకములు విస్తారముగా వృద్ధియగును. చేపలు అచటికి చేరును.

ప్లవకములు కంటికి కానరావు గాని వాటి రంగు ఆకాశమునుండి కానవచ్చును. వాటియందలి పత్రహరితము నీలికాంతిని గ్రహించును. అందుచే అవి దట్టముగా నున్న నీరు పచ్చదనమునకు తిరుగును. ఈ రంగుమార్పును కొలుచు పరికరముతో మొదటి ఓషన్‌శాట్ ఉపగ్రహమును 1999 మే 26న శ్రీహరికోటనుండి ప్రయోగించిరి. అది 720 కిలోమీటర్ల ఎత్తున తిరిగెను. ఈ వరుసలో మూడవది 2022 నవంబరు 26న అచటినుండియే ఎగసినది. నీటి రంగును, ఉపరితలపు వేడిని ఉపగ్రహములు తెలుపగా, చల్లనినీరు వెచ్చనినీరు కలియు సరిహద్దులను హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు గుర్తించి పటము గీయుదురు. అంతట ఫలానా రేవునకు ఏ దిక్కున, ఎంత దూరమున, ఎంత లోతున చేపలు దొరకుటకు అవకాశము కలదో సమాచారము సిద్ధమగును.

ఈ సమాచారమును ఆంగ్లమున ముద్రించి బీరువాలో దాచినచో ఎవరికిని ప్రయోజనము లేదు. కావున తీరభాషలన్నింటను, తెలుగునను, రేవులయందలి పలకల ద్వారాను, ఫోనుల ద్వారాను దానిని పంపుచున్నారు. వెదకులాటలో వృథాయగు డీజిలు మిగులుట బెస్తవానికి గొప్ప మేలు. ఒకనాటి వేటకు పెట్టిన ఖర్చు తిరిగి రానిచో ఆ భారము అప్పుగా ఇంటికి చేరును.

ఇచటనే చిక్కుముడి యున్నది. చేప యున్నచోటు అందరికిని తెలిసినచో, పడవలన్నియు అచటికే పోవును. పెద్ద మరపడవ ముందుగా చేరును, తెరచాపపడవ వెనుకబడును. చేపను కనుగొను నేర్పు పెరిగినంత మాత్రమున కడలిలో చేప పెరుగదు. కావున ఈ విద్యను వేటనిషేధము నుండి విడదీసి చూచుట తప్పు. నిషేధకాలమున వలసమాచారము పంపరు. తుపాను సూచనలు ఉన్నప్పుడును పంపరు. చేప నెచట పట్టవలెనో చెప్పు శాస్త్రమే ఎప్పుడు పట్టరాదో కూడ చెప్పవలసి యున్నది. ఈ రెండవ మాట బెస్తవానికి రెండు నెలల ఆదాయమును పోగొట్టును. కనుక అతనికి కొంత భృతి నిచ్చుట ప్రభుత్వ బాధ్యతలలో చేరినది.

కబురు ఒడ్డునకు చేరకపోయినచో ఏమగునో 2004 డిసెంబరు 26న తీరవాసులు చూచిరి. ఆ యుదయము సుమారు 6 గంటల 29 నిమిషములకు సుమత్రా దరి సముద్రగర్భమున భూకంపము పుట్టెను. దాని సునామీ అలలు బంగాళాఖాతమును దాటి మన ప్రధాన తీరమును చేరుటకు రెండు గంటలకు మించి పట్టెను. ఆ వ్యవధిలో హెచ్చరిక అందలేదు. దేశమున పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పిమ్మట 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రము హైదరాబాదులోని ఇన్‌కాయిస్ నందే నెలకొల్పబడెను.

ఉపగ్రహపు కంటికిని హద్దు కలదు. మేఘములు కమ్మినచో నీటి రంగు దానికి కానరాదు. తూర్పుతీరమున జూన్ 14 అర్ధరాత్రి నిషేధము ముగియగానే మరపడవలు కడలిలోనికి సాగును. సరిగా ఆ దినములలోనే నైరుతి ఋతుపవనముల మబ్బులు బంగాళాఖాతముపై పరచుకొనును. పటము గీయువారికి అనేక దినములు నీరు సరిగా కనబడదు. అట్టి సమయమున బెస్తవాడు తన తాతతండ్రులు చూచినట్లే నీటిపై మూగిన పక్షుల గుంపును, నీటి రంగును, తీరమునందలి కొండల గురుతులను చూచుకొనుచు వల విడుచును.