మార్కుల శాతం వెనుక ఎవరున్నారు?



మేము ఈ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివే రోజుల్లో బడిలో ఒక మాట తరచుగా వినేవాళ్ళం. "హాస్టలు పిల్లల వల్లే మన బడి శాతం పడిపోతోంది." ప్రోగ్రెస్ కార్డులు పంచే రోజున ఆ మాట వినబడితే తలలు వంచుకుని కూర్చునేవాళ్ళం. అది నిజమో కాదో లెక్క వేసి చూడాలని అప్పట్లో మాకు తోచలేదు. ఆ లెక్కే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము. పలక మీద వేసుకుని మీరూ సరిచూసుకోండి.

రెండు బడుల లెక్క

రెండు ప్రభుత్వ బడులు ఉన్నాయనుకుందాం. ఒక్కో బడిలో ఏడో తరగతి పిల్లలు 100 మంది.

మొదటి బడిలో 80 మంది చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు. మిగతా 20 మంది తమ ఇంట్లో మొదటిసారి బడికి వచ్చినవారు. పరీక్షలో 80 మందిలో 64 మంది, 20 మందిలో 8 మంది పాసయ్యారు. మొత్తం 72 శాతం.

రెండో బడిలో లెక్క తిరగబడింది. చదువుకున్నవారి పిల్లలు 20 మందే, మొదటి తరం పిల్లలు 80 మంది. 20 మందిలో 18 మంది, 80 మందిలో 40 మంది పాసయ్యారు. మొత్తం 58 శాతం.

ఏ బడి మంచిది? నోటీసు బోర్డు చూసినవారు మొదటి బడే అంటారు. విడదీసి చూడండి. చదువుకున్నవారి పిల్లలు మొదటి బడిలో 80 శాతం పాసైతే, రెండో బడిలో 90 శాతం పాసయ్యారు. మొదటి తరం పిల్లలు అక్కడ 40 శాతం, ఇక్కడ 50 శాతం. అంటే రెండు రకాల పిల్లలూ రెండో బడిలోనే మెరుగ్గా ఉన్నారు. అయినా మొత్తం శాతంలో ఆ బడే వెనుకబడింది. కారణం ఒక్కటే: ఆ బడి ఎక్కువ మంది మొదటి తరం పిల్లలను చేర్చుకుంది. బడి శాతం చూసేటప్పుడు ఆ బడిలో ఎవరు చదువుతున్నారో కూడా చూడాలనేది ఇందుకే.

ఇంటి చదువు, బడి రోజులు

2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 60.5 శాతం. షెడ్యూల్డు కులాల్లో అది 53.5 శాతం, షెడ్యూల్డు తెగల్లో 37 శాతం. 2011 నాటికి ఇవి 67, 62.3, 49.2 శాతాలకు పెరిగాయి. తేడా తగ్గింది కానీ పోలేదు. 2001లో బడి ఈడులో ఉన్నవారే నేడు చాలామంది పిల్లలకు తల్లిదండ్రులు. రాత్రి ఒక లెక్క రాకపోతే అడగడానికి ఇంట్లో మనిషి ఉండటం, లేకపోవడం మార్కుల్లో కనబడుతుంది.

రెండో సంగతి బడి రోజులు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని చెబుతోంది. పత్తి చేలో పనికో, తల్లిదండ్రుల వెంట వలసకో ఒక పిల్లవాడు 40 రోజులు వెళ్ళాడనుకోండి. దాదాపు ఐదో వంతు చదువు పోయినట్టే. ఆ పాఠాలు మళ్ళీ ఎవరూ చెప్పరు. పరీక్షలో మాత్రం అడుగుతారు.

మరి తెలివి సంగతి?

"అవన్నీ సరే, తెలివి తక్కువ కాబట్టే వెనుకబడ్డారు" అనేవారూ ఉన్నారు. వారికి జవాబు ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు దానిని 2004లో ప్రకటించారు. పల్లెల్లో 6, 7 తరగతులు చదివే 642 మంది మగపిల్లలను తీసుకున్నారు. సగం మంది అగ్రకులాలవారు, సగం మంది దళితులు. పిల్లల పత్రికల్లో 'దారి కనుక్కోండి' అని వస్తుంటాయే, అలాంటి చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. విప్పిన ఒక్కో పజిల్‌కు ఒక రూపాయి.

కులం ప్రస్తావన లేకుండా ఆడించినప్పుడు రెండు వర్గాల పిల్లలూ ఇంచుమించు సమానంగా విప్పారు. తరువాత వేరే పిల్లల గుంపులను కూర్చోబెట్టి, అందరి ముందూ ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం చదివి, ఆ తరువాత పజిళ్ళు ఇచ్చారు. ఈసారి దళిత పిల్లలు విప్పినవి బాగా తగ్గిపోయాయి. పజిళ్ళు అవే, రూపాయి అదే. మారిందల్లా అందరి ముందూ కులం చదవడమే.

ఇది చదివాక మా ప్రోగ్రెస్ కార్డుల రోజు గుర్తొచ్చింది. తరగతిలో "హాస్టలు పిల్లలు లేచి నిలబడండి" అన్న తరువాత పెట్టిన పరీక్షలో ఎన్ని మార్కులు పోయాయో మాకు తెలియదు. కొన్ని పోయి ఉంటాయని మాత్రం ఇప్పుడు అనుకుంటున్నాము.

మనం చేయవలసినవి

అలాగని మన వెనుకబాటుకు ఈ లెక్కను సాకుగా వాడుకోకూడదు. రెండో బడిలో తప్పిన 42 మందికి ఈ వ్యాసం మార్కులు తెచ్చిపెట్టదు. అందుకే అనుభవంతో కొన్ని సూచనలు చేస్తున్నాము.

1. మీ మార్కులను పక్కవాడి మార్కులతో కాదు, మీ గత పరీక్ష మార్కులతో పోల్చుకోండి. ఒక నోటుబుక్కులో సబ్జెక్టువారీగా రాసి పెట్టుకోండి.

2. ఊరికి వెళ్ళి వచ్చిన తమ్ముడికి పోయిన పాఠాలను స్టడీ అవర్‌లో పెద్ద తరగతివారు చెప్పాలి. ఇంట్లో అడిగే మనిషి లేని లోటును హాస్టలే తీర్చాలి.

3. ఎవరినీ కులం పేరుతోగాని, "మొద్దు" అనిగాని పిలవకండి. అది మార్కులను కూడా తినేస్తుంది.

4. పూర్వ విద్యార్థులు నెలకు ఒక ఆదివారం వచ్చి లెక్కలో, ఇంగ్లీషో చెబితే చాలు. చందాకంటే అది గొప్ప సాయం.

తమ్ముళ్ళూ! ఈసారి ఎవరైనా "హాస్టలు పిల్లల వల్లే శాతం పడిపోయింది" అంటే తల వంచుకోకండి. కోపం కూడా తెచ్చుకోకండి. పలక తీసుకుని వినయంగా ఆ రెండు బడుల లెక్క వేసి చూపించండి.