అన్ని కాలాల టైరు

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్రవిజ్ఞానం నిత్యజీవితంలో వివేకానికి ఎలా తోడ్పడుతుందో తెలియజేయడం, ఒక వస్తువును కొనే ముందు గుణదోషాలను క్రమంగా పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవ నాగరికతలో చక్రానికి విశిష్టమైన స్థానం ఉంది. కురుక్షేత్ర సంగ్రామంలో రథచక్రం నేలలో కుంగిన క్షణమే కర్ణుని జీవితానికి చివరి ఘట్టమైంది. ఎంతటి రథికుడైనా చక్రం నేలపై నిలకడగా కదలనప్పుడు నిస్సహాయుడే. మన పల్లెలలో ఎడ్లబండి చక్రానికి చుట్టిన ఇనుప పట్టా వదులైతే రైతులు దానిని కమ్మరి కొలిమి వద్దకు తీసుకువెళ్లి, కాల్పించి, మళ్లీ బిగింపజేసేవారు. బండిలో ధాన్యపు బస్తాలున్నా, పెళ్లివారున్నా ముందుగా చక్రాన్ని చూసుకునేవారు. ఆ ఇనుప పట్టా స్థానాన్ని నేడు రబ్బరు టైరు ఆక్రమించింది. చూసుకోవలసిన అవసరం మాత్రం తగ్గలేదు, పెరిగింది.

టైరు ఒక్కనాటి సృష్టి కాదు. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది ఎండకు కరగక, చలికి పెళుసుబారక నిలుస్తుందని కనుగొన్నాడు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. ఆనాడు అది ప్రచారంలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి టైర్లు అమర్చిన తరువాతనే అవి లోకానికి పరిచయమయ్యాయి. 1946లో మిషెలిన్ సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకొంది. నేడు మన కార్లన్నీ దాదాపుగా రేడియల్ టైర్ల మీదనే నడుస్తున్నాయి.

చిన్న కారులో నలుగురు కూర్చుంటే దాని బరువు ఇంచుమించు ఒక టన్నుకు చేరుతుంది. ఆ బరువంతటికీ నేలతో ఉన్న సంబంధం ఎంత? ఒక్కొక్క టైరు నేలను తాకే భాగం సుమారు ఒక అరచేయి అంత. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వేగం పెంచినా ఆ శక్తి అంతా నాలుగు అరచేతుల మేర నుంచే నేలకు చేరాలి. ఇంజను ఎంత నాణ్యమైనదైనా, బ్రేకులు ఎంత పదునైనవైనా వాటికి ఆ కొద్దిపాటి స్థలమే ఏకైక ఆధారం. అందువల్ల పాత టైర్లను మార్చే వేళ చేసే ఎంపిక కేవలం డబ్బుకు సంబంధించినది కాదు, ప్రాణాలకు సంబంధించినది.

‘అన్ని కాలాల టైరు’ అనే భావన చలిదేశాలలో పుట్టింది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినప్పుడు వేసవి టైరులోని రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. అందుచేత ఆ దేశాలలో శీతకాలానికి మెత్తని రబ్బరుతో వేరే టైర్లు చేస్తారు. ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే శ్రమను తప్పించడానికి మధ్యేమార్గంగా అన్ని కాలాల టైర్లు వచ్చాయి. 1977లో గుడ్‌ఇయర్ సంస్థ ‘టియెంపో’ పేరుతో ఇటువంటి రేడియల్ టైరును విడుదల చేసింది. మధ్యేమార్గానికి పరిమితులు కూడా ఉంటాయి. గడ్డకట్టిన మంచుమీద అది అసలైన మంచు టైరుకు సాటిరాదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు మంచు టైర్లు ఉండి తీరాలని చట్టమే ఉంది. అటువంటి ప్రాంతాలకు చదువుకై, ఉద్యోగానికై వెళ్లే మన తెలుగువారు మొదటి చలికాలానికి ముందే ఈ సంగతి తెలుసుకోవడం మేలు. టైరు పక్కగోడపై మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచురేకు బొమ్మ ఉంటే అది మంచు పరీక్షలో నెగ్గిన టైరని అర్థం.

మన ప్రాంతపు వాతావరణం వేరు. రెంటచింతల, రామగుండం ఎండలను ఎరుగని తెలుగువారు లేరు. లంబసింగిలో చలి ఎంత పెరిగినా రోడ్లపై మంచు పేరుకొనదు. కనుక మనకు అన్ని కాలాలంటే ప్రధానంగా రెండే: నిప్పులు చెరిగే ఎండ, కుండపోత వాన. మన దేశంలో చిన్న కార్లకు అమ్మే సాధారణ టైర్లు ఈ రెంటినీ దృష్టిలో పెట్టుకొని చేసినవే. వీటిలో కొన్ని మన నేలమీదనే తయారవుతున్నాయి. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో టైర్ల కర్మాగారాలున్నాయి.

ఎండకాలంలో టైరుకు శత్రువు వేడి. గాలి తక్కువగా ఉన్న టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతాయి. ఆ నలుగుడు నుంచి వేడి పుడుతుంది. మండుటెండలో, నిండు బరువుతో, జాతీయ రహదారిపై గంటల తరబడి వేగంగా పోతే అటువంటి టైరు పగిలే ప్రమాదం ఉంది. వానకాలంలో శత్రువు నీరు. టైరుపైనున్న గాడులు నీటిని పక్కలకు తోడివేయాలి. గాడులు అరిగిపోతే నీరు టైరుకు, రోడ్డుకు మధ్య పొరగా నిలుస్తుంది. అప్పుడు కారు నీటిపై తేలుతుంది. స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా మాట వినదు.

ఇక ఎంపిక విషయం. ఆల్టో 800 వంటి చిన్న కారు టైరు పక్కగోడపై 145/80 ఆర్ 12 74 టి అని కనిపిస్తుంది. 145 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 116 మిల్లీమీటర్లు. ‘ఆర్’ రేడియల్ నిర్మాణానికి గుర్తు. 12 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం. 74 అనేది భారసూచిక. ఆ టైరు 375 కిలోల వరకు మోయగలదని దాని భావం. ‘టి’ గరిష్ఠ వేగ సూచిక, గంటకు 190 కిలోమీటర్లు. అంత వేగంతో పోవచ్చునని దీని అర్థం కాదు. టైరు నిర్మాణపు దృఢత్వాన్ని అది చెబుతుంది. కొత్త టైరు భారసూచిక, వేగసూచిక తయారీదారు నిర్ణయించిన వాటికంటే తగ్గరాదు.

వెడల్పు టైరు అందంగా ఉంటుందని కొందరు కొలత పెంచుతారు. పైన చెప్పిన టైరు మొత్తం వ్యాసం సుమారు 537 మిల్లీమీటర్లు. దాని బదులు 155/80 ఆర్ 12 వేస్తే వ్యాసం సుమారు 553 మిల్లీమీటర్లవుతుంది, అంటే 3 శాతం హెచ్చు. స్పీడోమీటరు ముల్లు సరిగ్గా పనిచేసే కారులో అది 100 చూపుతున్నప్పుడు కారు 103 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, ఇంధనపు ఖర్చు పెరుగుతుంది. చిన్న కారు కొన్నదే పొదుపుకోసం అయినప్పుడు ఈ ఆర్భాటం ఎందుకు?

కొనే ముందు చూడవలసిన మరొక అంశం టైరు వయస్సు. పక్కగోడపై కోడిగుడ్డు ఆకారపు చట్రంలో నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని గ్రహించాలి. వాడకున్నా రబ్బరు క్రమంగా గట్టిపడుతుంది. ‘సగం ధరకే’ అని చూపే టైరు ఏళ్లతరబడి ఎండలో పడి ఉన్నదేమో ఈ అంకెలు చెప్పేస్తాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదీ లేనిదీ కూడా చూడాలి. రోడ్డుపై పట్టు ఎక్కువగా ఉండే మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది. చాలా కాలం మన్నే గట్టి రబ్బరుకు తడి నేలపై పట్టు కొంత తగ్గవచ్చు. రెండు గుణాలూ సంపూర్ణంగా ఒకచోట దొరకవు. కొండదారులలో, వానలు హెచ్చుగా పడేచోట తిరిగేవారు పట్టుకు ప్రాధాన్యమివ్వడం ఉచితం.

టైరును ఎప్పుడు మార్చాలి? గాడుల అడుగున చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పైభాగం అరిగి వాటితో సమమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లకు అదే హద్దు. వానల దృష్ట్యా అంతవరకు ఆగకపోవడమే క్షేమం. పక్కగోడపై పగుళ్లు, ఉబ్బులు కనిపిస్తే గాడులు లోతుగా ఉన్నా ఆ టైరును విడిచిపెట్టాలి.

నాలుగూ ఒకేసారి కొనలేని కుటుంబాలు రెండు కొంటాయి. ఇంజను శక్తి ముందు చక్రాలకు అందుతుంది కనుక కొత్తవి ముందే వేయాలని చాలామంది తలుస్తారు. టైర్ల తయారీదారుల సలహా దీనికి విరుద్ధం. కొత్త జతను వెనుక అమర్చమంటారు. తడి రోడ్డుపై ముందు చక్రాలు జారితే కారు ఎదురుగా సాగిపోతుంది. చోదకుడు వేగం తగ్గించి సరిదిద్దుకొనే అవకాశం ఉంటుంది. వెనుక చక్రాలు జారితే కారు గిరుక్కున తిరిగిపోతుంది. దానిని అదుపుచేయడం నిపుణులకు కూడా కష్టమే.

గాలిని నెలకొకసారి, కారు నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో చోదకుని తలుపు వద్ద అతికించిన పట్టికలో ఉంటుంది. స్టెప్నీని మరువరాదు. ఈ పని ఆలస్యం చేసి పెద్ద ప్రమాదం తెచ్చుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమే. ఇంట్లో పెద్దలు దుకాణదారు మాటను నమ్మి కొనే వస్తువు ఇది. ఆ నాలుగు అంకెలను, ఆ చిన్న గట్లను చదవగల విద్యార్థి ఇంట్లో ఉంటే, ఆ చదువు కుటుంబమంతటికీ రక్ష అవుతుంది.

అర్థాలు

రథికుడు = రథమెక్కి యుద్ధం చేసేవాడు
మధ్యేమార్గం = రెంటికీ నడుమనున్న దారి
భారసూచిక = మోయగల బరువును తెలిపే అంకె
చోదకుడు = వాహనం నడిపేవాడు

అభ్యాసం

అ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. చలిదేశాలలో అన్ని కాలాల టైర్లు ఎందుకు రూపొందాయి?
2. కొత్త టైర్ల జతను వెనుక అమర్చాలనడానికి కారణమేమి?

ఆ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. టైరు పక్కగోడపైనున్న గుర్తులు కొనుగోలుదారుకు ఎలా ఉపకరిస్తాయో వివరించండి.

ఇ) విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
1. రథచక్రం 2. నాలుగు అంకెలు